అధికారం, అరణ్యరక్షణ: ఆదిలాబాదు చరిత్రలోని ధర్మసూక్ష్మం

పూర్వమీమాంసలో ‘అధికారం’ అనే పదానికి విశిష్టార్థం ఉన్నది. కర్మఫలానికి స్వామి కాగలవాడే ఆ కర్మాచరణకు అధికారి. ఫలం ఒకరిది, కర్తవ్యభారం మరొకరిది అయినప్పుడు ఆ విధి నిలువదు. ఈ సూక్ష్మాన్ని విస్మరించిన పాలన ఎట్టి అనర్థానికి దారితీస్తుందో గోదావరికి ఉత్తరాన ఉన్న ఆదిలాబాదు అరణ్యచరిత్ర విశదం చేస్తుంది.

ఈ ప్రాంతంలో గోండులు, కొలాములు తరతరాలుగా అడవిని ఆశ్రయించి వ్యవసాయం చేసుకొన్నారు. కొంతకాలం సాగుచేసిన నేలను విడిచి మరొకచోటికి తరలేవారు. విడిచిన నేలలో అడవి మరల పెరిగేది. నిజాం ప్రభుత్వం అడవులను రిజర్వులుగా ప్రకటించి హద్దులు వేయగా, ఇట్లు బీడుపెట్టిన భూములు సైతం ఆ హద్దులలో కలిసిపోయినవి. పశువుల మేతకు, వంటకట్టెకు సుంకం విధింపబడింది. నిన్నటి గృహస్థుడు నేడు అతిక్రమణదారుడైనాడు. ఆ వేదననుండి ఉద్భవించినదే కుమ్రం భీము పోరాటం. జల్, జంగల్, జమీన్ అనే ఆయన నినాదంలో అడవి, నేల వేరువేరు కావు. 1940లో జోడేఘాట్‌లో ఆయన వీరమరణం పొందినాడు. నేటికీ ఆశ్వయుజ పౌర్ణమినాడు అచ్చట ఆయన వర్ధంతి జరుగుతున్నది.

అనంతరం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఈ ప్రాంత పరిశీలనకు నియమించింది. ఆయన మార్లవాయి గ్రామంలో నివసించి, అశాంతికి మూలం భూమిహక్కు లేకపోవడమేనని గుర్తించినాడు. తత్ఫలితంగా 1940వ దశకంలో వేలాది గిరిజన కుటుంబాలకు పట్టాలు లభించినవి. అయినను పొలానికి పట్టా వచ్చినదే గాని, పొలం చుట్టూ ఉన్న అడవిపై గ్రామానికి హక్కు రాలేదు.

1988 నాటి జాతీయ అటవీవిధానం తరువాత, 1990వ దశకంలో ఆంధ్రప్రదేశ్ అంతటా వన సంరక్షణ సమితులు ఏర్పడినవి. అడవిని కాపాడిన గ్రామస్థులకు అటవీ ఉత్పత్తులలో భాగం దక్కింది. ఇది ఫలప్రాప్తియే, కాని స్వామిత్వం శాఖయందే నిలిచింది. 2006 నాటి అటవీహక్కుల చట్టం మరొక అడుగు వేసింది. సాగుభూమిపై వ్యక్తికి, సామూహిక అటవీ వనరులపై గ్రామసభకు హక్కును గుర్తించింది. అడవిని రక్షించి, పునరుద్ధరించి, నిర్వహించుకొనే అధికారాన్ని గ్రామానికి ఇచ్చింది. ఈ చట్టం వలన లభించిన భూమి వారసులకు సంక్రమిస్తుంది గాని విక్రయింపరాదు. అనగా అది భోగ్యవస్తువు మాత్రమే కాదు, రాబోవు తరంవారి నిక్షేపం కూడా.

గీత ఫలాసక్తిని విడువమన్నదే, ఫలాన్ని అపహరింపబడినవానికి కూడా ఈ బోధ చాలునా అని జిజ్ఞాసువు ప్రశ్నింపవచ్చు. త్యాగం తనదైనదానిని విడుచుట. అన్యులు లాగుకొన్నదానిని విడుచుట త్యాగం కాదు. కనుక హక్కునిచ్చిన పిమ్మటనే సంయమాన్ని అర్థించుట న్యాయం.

ఆ సంయమం ఇచ్చటి జీవనంలో ఇప్పటికే ఉన్నది. ఏటా పుష్యమాసంలో మెస్రం వంశీయులు కాలినడకన గోదావరికి వెళ్లి, తెచ్చిన జలంతో అమావాస్యనాడు కేస్లాపూర్‌లో నాగోబాను అర్చిస్తారు. దారిపొడవునా అడవి వారికి తీర్థయాత్రాపథమే. అట్టివారికి హక్కుపత్రం, నారుమొక్క, అగ్గినుండి అడవిని కాపాడుకొనే సాయం అందించుటే రాజధర్మం. అడవిని ప్రేమించమని వారికి నేర్పవలసిన పనిలేదు.