ఆకు కింద ఉసిరి

వడమాలపేట మీదుగా మద్రాసుకు పోయే రోడ్డు పక్కన, వానలు పడినాక ఏ శెనక్కాయ చేని గట్టు మీద చూసినా నేల ఉసిరి కనబడుతుంది. జానెడు మొక్క. పైనుంచి చూస్తే చింతాకు లాంటి సన్నని ఆకులే. రెమ్మ తిప్పి చూస్తే వెన్ను పొడవునా ఆవగింజంత కాయలు వరసగా వేలాడుతుంటాయి. అరవం కలిసిన మా వైపు దీన్ని కీళానెల్లి అని కూడా అంటారు, అంటే కింది ఉసిరి. చైనా వైద్యులు దీనికి చెల్లెలి వరసయ్యే మొక్కనే కాలేయ జబ్బులకు వాడతారు. వాళ్లు పెట్టుకున్న పేరు ‘యె షియా జూ’, ఆకు కింది ముత్యం. ఒకరినొకరు అడక్కుండానే అక్కడివాళ్లూ ఇక్కడివాళ్లూ రెమ్మను తిప్పి చూశారు.

చిన్నప్పుడు నాకు కామెర్లు వస్తే అవ్వ ఈ మొక్కను వేళ్లతో సహా పీకి, కడిగి, రోట్లో మెత్తగా నూరి, ముద్దను మజ్జిగలో కలిపి పరగడుపున తాగించింది. నూనె, కారం లేని పథ్యం. మూడో వారానికి కళ్లు తెల్లబడ్డాయి. పక్కనే పుత్తూరుకు పోయి విరిగిన ఎముకకు కట్టు కట్టించుకొచ్చే మనుషులం, పసరు మీద మాకు అనుమానమెందుకు వస్తుంది?

నీళ్ల ద్వారా సోకే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయని పెద్దయ్యాక తెలిసింది. మందు తాగినా అంతే, తాగకున్నా అంతే. ప్రాణం మీదికి తెచ్చేది వేరే ఉంది, హెపటైటిస్ బి. అది రక్తం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. పుట్టగానే సోకితే పదిమందిలో తొమ్మిదిమంది పిల్లల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కళ్లు పచ్చబడవు, నొప్పి ఉండదు. ముప్ఫై నలభై ఏళ్లకు కొందరికి కాలేయం గట్టిపడుతుంది, కొందరికి క్యాన్సర్ అవుతుంది.

ఈ వైరస్ ఆచూకీ అమెరికా శాస్త్రవేత్త బరూక్ బ్లంబర్గ్‌కు ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో దొరికింది. 1965లో ఆయన దాన్ని ప్రకటించాడు, 1976లో నోబెల్ అందుకున్నాడు. దానికీ క్యాన్సర్‌కూ ఉన్న ముడిని తైవాన్‌లో పామర్ బీస్లీ తేల్చాడు. 22,707 మంది ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనిస్తే, కాలేయ క్యాన్సర్‌తో చనిపోయిన 41 మందిలో 40 మంది ఈ వైరస్‌ను మోస్తున్నవాళ్లే. ఆ లెక్క 1981లో అచ్చయింది.

మా గట్టు మీది మొక్క కథలోకి వచ్చేది ఆ మరుసటి ఏడే. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎస్.పి. త్యాగరాజన్ బృందం నేల ఉసిరినీ గుంటగలగరాకునూ పరీక్షనాళికలో వైరస్ పైపొర ప్రోటీన్‌తో కలిపి చూసి, ఆ ప్రోటీన్ పనిచేయకుండా పోతోందని 1982లో రాసింది. బ్లంబర్గ్, వెంకటేశ్వరన్‌లు అమెరికాలో ఇదే పని వుడ్‌చక్ అనే ఉడుత జాతి జంతువు మీద చేశారు. ఎందుకంటే దానికీ ఇలాంటి వైరస్సే సోకుతుంది, ఇలాంటి క్యాన్సరే వస్తుంది. 1988లో ‘లాన్సెట్’ పత్రికలో మద్రాసు ఫలితం వచ్చింది. రోజుకు మూడుసార్లు 200 మిల్లీగ్రాముల పొడి, నెల రోజులు. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే. ఆ వార్త చదివినప్పుడు మావాళ్ల గుండెలు ఎంత పొంగి ఉంటాయో ఊహించగలను. అవ్వ రోట్లో నూరింది లండన్ పత్రికకెక్కింది!

కానీ ఒకచోట పండింది ఇంకోచోట పండాలి కదా. 1990లో థాయ్‌లాండ్ వైద్యులు పరీక్షించారు, వైరస్ పోలేదు. తర్వాత నెదర్లాండ్స్, న్యూజిలాండ్‌లలోనూ అంతే. మొక్క మారిందా అన్న వాదన ఒకటి నడిచింది. అది కొట్టిపారేయాల్సింది కాదు. నేల ఉసిరికి శాస్త్రీయ నామంగా మన దేశంలో ఫిలాంథస్ నిరూరి అని పిలుస్తూ వచ్చింది నిజానికి మూడు వేర్వేరు మొక్కలని మిత్ర, జైన్ 1985లోనే తేల్చారు. బ్లంబర్గ్ బృందం 1987 నాటి వ్యాసంలో నిరూరి అన్న మొక్కే 1988 నాటి లాన్సెట్ వ్యాసానికి ఫిలాంథస్ అమారస్ అయింది. సంతలో కట్టగట్టి అమ్మే నేల ఉసిరిలో ఏది ఎంత కలిసిందో ఎవరు చెప్పగలరు? త్రిశ్శూరు దగ్గరి అమల క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో కాలేయ క్యాన్సర్ తెప్పించిన ఎలుకలు ఈ మొక్క సారంతో ఎక్కువ రోజులు బతికాయి. ఎలుకకు దక్కిన ఫలితం మనిషికి దక్కినట్టు కాదు. రోగి ముందు కూర్చున్నప్పుడు ఆ తేడా దాచకూడదని నా గట్టి అభిప్రాయం.

చైనావాళ్లు ఇంకో మెట్టెక్కారు. మాను మీద పెరిగే హువాయర్ అనే శిలీంధ్రం నుంచి చేసిన గుళికలను, కాలేయంలో గడ్డ తీయించుకున్న వెయ్యి మందికి పైగా రోగుల్లో పరీక్షించి 2018లో ప్రకటించారు. 96 వారాల తర్వాత క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మందు తీసుకున్నవారిలో 62 శాతం, తీసుకోనివారిలో 49 శాతం. ఎదుటి గుంపుకు ఉత్తుత్తి మందు ఇవ్వలేదు కాబట్టి కాస్త ఆచితూచి నమ్మాలి. అయినా అంతమందిని పోగుచేసి లెక్క చూపించారు. మన నేల ఉసిరికీ అలాంటి కొలత దక్కాలి.

ఈలోగా క్యాన్సర్‌కు దారి మూసింది మాత్రం టీకా. తైవాన్ 1984లో పసిబిడ్డలకు మొదలుపెట్టింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ లక్షకు 0.70 నుంచి 0.36కు దిగింది. మనకు దిగుమతి టీకా అప్పట్లో అందని మాట. నెల్లూరు జిల్లాలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి తెచ్చాడు. జన్యు సాంకేతికతతో దేశంలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అదే. 2011కల్లా సర్కారు టీకాల పట్టికలో దేశమంతటా చేరింది. కాన్పయిన 24 గంటల్లో బిడ్డ తొడకు వేసే ఆ సూది వెనక ఇంత కథ ఉంది.

ఇంకో సంగతి మా చేలదే. సరిగా ఎండని శెనక్కాయల్లో పట్టే బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్ల కాలేయానికి అది ఇంకా పెద్ద చేటు. చేదెక్కిన పప్పును నోట్లోంచి ఉమ్మేయమని అవ్వ కసిరేది. అందులో ఆమె మాట ఏమాత్రం తప్పు కాదు.

టీకా రాకముందు పుట్టిన మా ఈడువాళ్ల సంగతి? 2018లో జులై 28న, బ్లంబర్గ్ పుట్టినరోజున, కేంద్రం వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. పరీక్షా ఉచితం, మందూ ఉచితం. వైరస్‌ను అణచిపెట్టే టెనొఫోవిర్ మాత్ర రోజుకొకటి. జులై అంటే మాకు శెనక్కాయ విత్తే అదను. నాగలి సాళ్ల పక్కన నేల ఉసిరి అప్పుడే మొలకెత్తుతుంటుంది. మా నాయన ఆ పరీక్షకు పోయొచ్చి, గట్టు మీద కూర్చుని ఒక రెమ్మ తుంచి తిప్పి చూశాడు.