నంద్యాల: చరిత్ర

రాయలసీమ ఉత్తర భాగంలో, కుందూ నది పక్కన ఉన్న పట్టణం నంద్యాల. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ పొడవాటి నల్లరేగడి మైదానం. కర్నూలు నుంచి కడపకు పోయే రోడ్డు, గుంతకల్లు నుంచి గుంటూరుకు పోయే రైలుమార్గం ఇక్కడ కలుసుకుంటాయి. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లాను విడదీసి ఏర్పరచిన నంద్యాల జిల్లాకు ఇది ముఖ్యపట్టణం. పెద్ద రాజ్యానికి రాజధాని అనిపించుకున్న కాలం ఈ ఊరికి లేదు. దీని చరిత్రను ఎక్కువగా నడిపించినవి గుళ్లు, కాలువలు, రైళ్లు, సభలు.

తొలి కాలం

ఊరి చుట్టుపక్కల మనుషుల ఆనవాళ్లు మాత్రం చాలా పాతవి. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో ఉన్న జ్వాలాపురంలో, సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట బద్దలైనప్పుడు వచ్చి పడిన బూడిద పొర దొరికింది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు ఉన్నాయి. అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా ఈ లోయలో జనం మిగిలారని వారి వాదం. అంతకు చాలా ముందే, 1884 ప్రాంతంలో, రాబర్ట్ బ్రూస్ ఫుట్ బేతంచర్ల దగ్గరి బిల్ల సర్గం గుహలను తవ్వించి ప్రాచీన జంతువుల ఎముకలు బయటికి తీశాడు.

ఆ తర్వాతి వేల ఏళ్ల గురించి చెప్పుకోవలసింది కొద్దిగానే ఉంది. ఆరో శతాబ్ది నాటికి కుందూ, పెన్నా నదుల నడుమ నేల రేనాడు. శాసనాలను తెలుగులో వేయించిన తొలి పాలకులైన రేనాటి చోళులు ఏలింది ఈ సీమనే. వారి కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు నేటి కడప జిల్లా వైపు దొరికాయి.

నవనందులు

నంద్యాలకు పూర్వం నందిమండలమని పేరని స్థానికుల చెప్పుకోలు. ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్న తొమ్మిది శివక్షేత్రాలను నవనందులంటారు. ప్రథమనంది, నాగనంది, సోమనంది పట్టణంలోనే ఉన్నాయి. మిగతావాటిలో పెద్దది నల్లమల అంచున, పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న మహానంది. కార్తీక మాసంలో తొమ్మిదింటినీ ఒక్క రోజులో చూసి రావడం భక్తుల ఆనవాయితీ.

మహానంది గుడి శిఖరం బాదామి చాళుక్యుల నాటి ఆలంపురం గుళ్లను తలపిస్తుంది. దాన్నిబట్టి ఏడు, ఎనిమిది శతాబ్దాల కట్టడమని లెక్కగడతారు. ప్రాకారాలు, గోపురాలు తర్వాతి వారివి. గుడిలో అసలు చూడవలసింది నీళ్లు. లింగం అడుగు నుంచి ఊరే ఊట కోనేట్లోకి వస్తుంది. అడుగున పడిన నాణెం పైకి కనిపించేంత తేట. ఎండాకాలమైనా వానాకాలమైనా నీటి మట్టం దాదాపు ఒకటే. కోనేరు దాటిన నీళ్లు వృథా కావు. గుడి కింద అరటి తోటలకూ వరి మళ్లకూ పారతాయి. 2019 సెప్టెంబరు వానలకు కొండవాగులు పొంగి ఆ గుడే మునిగినప్పుడు మాత్రం ఈ తేటనీటి క్షేత్రాన్ని బురదలోంచి తవ్వి తీసుకోవలసి వచ్చింది.

నంద్యాల ప్రభువులు, సూరన

ఊరి పేరు సాహిత్యంలో నిలిచింది పదహారో శతాబ్దిలో. విజయనగర సామ్రాజ్యం కింద ఈ సీమను ఏలినవారు నంద్యాల ప్రభువులు. వీరు ఆరవీటి వంశంలో ఒక శాఖ. తళ్లికోట యుద్ధం తర్వాత సామ్రాజ్యాన్ని ఏలిన ఆరవీటి రాజులకు జ్ఞాతులు. వీరిలో నంద్యాల కృష్ణమరాజు పేరు తెలుగువాళ్లు మరచిపోకుండా ఉండటానికి కారణం అతని యుద్ధాలు కావు, పింగళి సూరన అతనికి అంకితమిచ్చిన కళాపూర్ణోదయం.

ప్రబంధ కవులు పురాణ కథ తీసుకుని వర్ణనలు పెంచుతున్న రోజుల్లో సూరన కథనే సొంతంగా కల్పించాడు. కలభాషిణి, మణికంధరుల కథ ముందు చెప్పి, దానికి మూలం ఎక్కడుందో చాలా దూరం పోయాక విప్పుతాడు. చదివేవాడు వెనక్కి తిరిగి మొదటి ఆశ్వాసాలు మళ్లీ చూసుకోక తప్పదు. తెలుగులో తొలి నవల ఇదేనని కొందరు విమర్శకులు ఉత్సాహపడ్డారు. ఆ బిరుదు లేకపోయినా దాని గొప్పతనానికి లోటు లేదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఇంగ్లీషు అనువాదం 2002లో వెలువడింది. సూరన మరో కావ్యం రాఘవపాండవీయం ఆకువీటి పెద వెంకటాద్రికి, ప్రభావతీ ప్రద్యుమ్నం తండ్రికి అంకితమయ్యాయి. కాబట్టి ఆయన కావ్యాల్లో నంద్యాల వాటా ఒక్కటే. ఆ ఒక్కటీ చాలు.

అహోబిలం, ఆళ్లగడ్డ

నంద్యాలకు దక్షిణాన, కడప దారిలో ఉన్న ఆళ్లగడ్డ నల్లమలలోని అహోబిలానికి వాకిలి. ఎగువ, దిగువ అహోబిలాల్లో తొమ్మిది నరసింహ క్షేత్రాలున్నాయి. ఆదివణ్ శఠగోప జియ్యరు స్థాపించిన అహోబిల మఠం శ్రీవైష్ణవుల్లో వడగలై వారికి ముఖ్యపీఠం. స్థాపన 1398లో జరిగిందని మఠ సంప్రదాయం. కళింగ దండయాత్రల కాలంలో శ్రీకృష్ణదేవరాయలు ఈ గుడికి వచ్చి కానుకలిచ్చాడు. 1579లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా సేన గుడిని దోచుకుంది. ఆ సేనను నడిపింది మురహరిరావనే బ్రాహ్మణ సేనాని అన్నది, మతం గీతలతోనే ఈ యుద్ధాలను చదివేవారు గమనించవలసిన సంగతి. కొన్నేళ్లకు చంద్రగిరి, పెనుకొండల నుంచి ఏలుతున్న శ్రీరంగరాయల కాలంలో క్షేత్రం మళ్లీ విజయనగరం చేతికి వచ్చింది.

ఆళ్లగడ్డకు సొంతంగా ఒక పేరుంది. ఊళ్లోకి అడుగుపెట్టగానే రోడ్డు పక్క షెడ్లలో ఉలి చప్పుడు వినిపిస్తుంది. గుళ్లకు విగ్రహాలు, ధ్వజస్తంభాల పీఠాలు, ఊరి కూడళ్లకు నాయకుల బొమ్మలు ఇక్కడ చెక్కి పంపుతారు. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

నవాబులు, కుంపిణీ

పదిహేడో శతాబ్దిలో కర్నూలు ప్రాంతం బిజాపురం చేతికి, 1686లో బిజాపురం పడిపోయాక మొగలుల చేతికి, ఆ తర్వాత పఠాను నవాబుల చేతికి వెళ్లింది. ఆ రెండు వందల ఏళ్లలో నంద్యాల కర్నూలు కోట నీడలో ఉన్న ఒక ఊరు. 1839లో ఆయుధాలు పోగుచేస్తున్నాడన్న నేరం మోపి ఈస్టిండియా కుంపిణీవారు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకుని తిరుచిరాపల్లికి పంపేశారు. ఆయన మరుసటి ఏడు అక్కడే హతుడయ్యాడు. ఆయన సీమ ఇంగ్లీషు ఏలుబడిలో కలిసింది. బనగానపల్లె మాత్రం చిన్న సంస్థానంగా 1948 దాకా విడిగా సాగింది.

కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ వైపు నేల అప్పటికే, 1800లో, నైజాము కుంపిణీకి దత్తం చేసిన మండలాల్లో చేరిపోయింది. పాలెగాళ్ల మాన్యాలు తీసేసి భరణాలు ఇవ్వడం కుంపిణీ పద్ధతి. అలాంటి పాలెగాళ్ల కుటుంబానికి చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి వచ్చేది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846 జూలైలో తిరగబడిన ఆయన దండు కోయిలకుంట్ల ఖజానా మీద పడింది. గిద్దలూరు దగ్గర కుంపిణీ సేనతో తలపడింది. అక్టోబరులో ఆయన పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీశారు. తలను కోట బురుజుకు వేలాడదీసి ముప్పై ఏళ్లు అలాగే ఉంచారు. రేనాటి పల్లెల్లో ఆయన కథ పాటగా బతికింది. ఓర్వకల్లు విమానాశ్రయానికి ఇప్పుడు ఆయన పేరే.

కాలువ, కరువు, రైలు

నేటి నంద్యాలను తయారుచేసింది పంతొమ్మిదో శతాబ్ది రెండో సగం. సర్ ఆర్థర్ కాటన్ ఊహించిన పథకంలో భాగంగా, తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ తవ్వే పనిని మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేపట్టింది. పెట్టుబడి లండన్ వాటాదారులది. వడ్డీకి హామీ ప్రభుత్వానిది. 1863లో మొదలై 1871 నాటికి పని ముగిసింది. పడవలు కూడా నడిచేలా లాకులు పెట్టారు. కానీ నీళ్లు కొనేవారు లేకపోయారు. కారణం సులువే. నల్లరేగడిలో జొన్న, పత్తి ఒక్క మంచి వానకే పండుతాయి. ఎకరానికి రుసుం కట్టి నీళ్లు పెట్టించుకోవలసిన అవసరం మామూలు ఏడాదిలో రైతుకు కనిపించలేదు. పొలం గుణం తెలియకుండా కాలువ గీస్తే ఇంతే. నష్టాలు భరించలేని కంపెనీ దగ్గర 1882లో ప్రభుత్వమే కాలువ కొనేసింది.

ఈలోగా 1876–78 కరువు వచ్చింది. కర్నూలు జిల్లా జనాభా 1871 నుంచి 1881కి దాదాపు నాలుగో వంతు తరిగిపోయింది. ఆ కరువులో కాలువ కింది పొలాలే పచ్చగా కనిపించాయి. రైతు మనసు మారింది అప్పుడే. కే.సీ. (కర్నూలు–కడప) కెనాల్ అని పిలిచే ఈ కాలువకు ఇవాళ ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. నంద్యాల సోనామసూరి బియ్యానికి ఊరూరా పేరు తెచ్చింది ఈ నీళ్లే.

కరువు నేర్పిన రెండో పాఠం రైలు. ధాన్యం ఉన్నచోటి నుంచి లేనిచోటికి తెచ్చే దారి లేకే జనం చచ్చారని తేలడంతో, బళ్లారి నుంచి కృష్ణా తీరానికి మీటర్ గేజి మార్గం వేశారు. 1880ల చివర నాటికి నంద్యాల స్టేషను ఏర్పడింది. తూర్పున దారికి అడ్డం నల్లమల. గాజులపల్లె, దిగువమెట్టల మధ్య కొండ తొలిచి బొగడ సొరంగం, లోయ మీద దొరబావి వంతెన కట్టారు. 1990లలో గేజి మార్చినప్పుడు రైలు కొత్త దారి పట్టింది; పాత వంతెన శిథిలాలు అడవిలో మిగిలాయి. రైలుతో పాటే పత్తి జిన్నింగు మిల్లులు, నూనె గానుగలు, మండీలు వచ్చాయి. 1901 నాటికి సుమారు 15 వేల జనాభా ఉన్న ఊరు 2011 లెక్కల్లో రెండు లక్షలు దాటింది.

ఇదే కాలంలో ఆంగ్లికన్ సంఘమైన ఎస్.పి.జి. మిషన్ వారు బడి, ఉపాధ్యాయ శిక్షణాలయం పెట్టారు. పల్లెల మాల మాదిగ పిల్లలకు తొలిసారి అక్షరాలు దక్కింది ఎక్కువగా వీరి బడుల్లోనే. 1947లో క్రైస్తవ శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికన్ క్రైస్తవులు చాలామంది అందులో చేరడానికి ఒప్పుకోలేదు. ఆ పట్టుదల దశాబ్దాలు సాగింది.

1906లో ప్రభుత్వం నెలకొల్పిన వ్యవసాయ పరిశోధనా కేంద్రం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడ రూపొందిన నరసింహ పత్తి ఆంధ్ర రైతులకు చిరపరిచితం. నిటారుగా పెరిగి యంత్రంతో కోతకు అనువుగా ఉండే ధీర సెనగ కూడా ఇక్కడిదే. ఊరి పేరు ఎన్నికల్లో వినబడినంతగా ఈ కేంద్రం పేరు వినబడదు.

1928 సభ

1928 నవంబరు 17, 18 తేదీల్లో ఆంధ్ర మహాసభ నంద్యాలలో జరిగింది. అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. దానికి అనుబంధంగా కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల సభ కూడింది. ఎవరో ఎవరికో ధారాదత్తం చేసిన నేల అనే అర్థమొచ్చే పేరు ఇంకా మోయడమెందుకన్న మాట ఆ సభలో వచ్చింది. అనంతపురం కళాశాలలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్న పేరు సూచించారు, సభ ఆమోదించింది. ఆయన పుట్టింది ఉత్తరాంధ్రలో. ఆ పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావుదని చెప్పేవారూ ఉన్నారు గాని, సభ జరిగిన ఊరి విషయంలో తగువు లేదు. కోస్తా, సీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒప్పందంలో, 1953లో కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో సీమవాసులు తమ వాటా అడిగింది ఈ కొత్త పేరు మీదే.

స్వాతంత్ర్యం తర్వాత

1977 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిచింది. మిగిలిన ఒక్కటి నంద్యాల. గెలిచింది జనతా అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆయన స్పీకరై, అదే ఏడాది జూలైలో రాష్ట్రపతి అయ్యారు. 1991లో పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి ఏ సభలోనూ సభ్యుడు కారు. గంగుల ప్రతాపరెడ్డి రాజీనామాతో నంద్యాల ఖాళీ అయింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్.టి. రామారావు పోటీ పెట్టలేదు. పి.వి. మెజారిటీ 5.8 లక్షలు దాటి అప్పటికి రికార్డయింది. 1996లో నంద్యాలతో పాటు ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి, బరంపురమే ఉంచుకున్నారు.

2016 ఆగస్టులో ఎర్రగుంట్ల రైలుమార్గం తెరుచుకోవడంతో బనగానపల్లె, కోయిలకుంట్ల, ప్రొద్దుటూరులకు నంద్యాల నుంచి రైలు కలిసింది. 2022లో జిల్లా వచ్చినప్పుడు అందులో నంద్యాల, ఆత్మకూరు, డోన్ రెవెన్యూ డివిజన్లు ఉండేవి. శ్రీశైలం, అహోబిలం, మహానంది, యాగంటి, బెలుం గుహలు అన్నీ దాని హద్దుల్లోకే వచ్చాయి. ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. దాని కోసం పరిశోధనా కేంద్రం భూమి కేటాయించినప్పుడు రైతులు అభ్యంతరం చెప్పి హైకోర్టుకు వెళ్లారు.