రెండు పానగల్లులు

కందూరి చోడుల రాజధానియగు పానగల్లు మన కొండకోటయే యని కొత్తకోట బాలురకు నేను చాలకాలము బోధించితిని. అది పొరపాటు. కొత్తకోటకు ఆగ్నేయముననున్న పానగల్లు దుర్గము వేఱు, నల్లగొండ చెంతనున్న పానగల్లు వేఱు. ఆ వంశమునకుఁ బేరిచ్చిన కందూరు మాకు ఉత్తరమున, అడ్డాకుల ప్రాంతముననే యుండుటచే నా భ్రాంతి బలపడినది.

హరిశబ్దమునకు విష్ణువు, ఇంద్రుఁడు, సింహము, కోఁతి మున్నగు నర్థములు పెక్కులు గలవు. శంఖచక్రములతోఁ గూడిన హరి యన్నచో విష్ణువే యని సంయోగమును బట్టి నిర్ణయింతుము. ఊరి పేరునకును ఈ న్యాయమే వర్తించును.

నల్లగొండ పానగల్లుతోఁ గూడియున్న వేవి? మొదటిది ఉదయసముద్రము. ఉదయచోడుని పేర వెలసిన యీ తటాకము నేఁడును కృష్ణాజలములను నిలుపుచు జనులకు నీరిచ్చుచున్నది. రెండవది నాలుగు గర్భగృహములు గల పచ్చల సోమేశ్వరాలయము. దీని గోడలపై రామాయణ భారత కథలు చెక్కఁబడినవి. మూఁడవది ఛాయా సోమేశ్వరము. ఇది త్రికూటాలయము. ఇందొక లింగము వెనుక స్తంభాకారమైన నీడ పగలంతయుఁ గదలక నిలుచును. ఎదుటనున్న యొక్క కంబపు నీడయే యని చూపఱులు తలఁతురు. కాని సూర్యకిరణములు సూటిగా లోనఁ బడవు. ప్రక్కలనుండి మండపమునఁ బ్రవేశించు వెలుఁగును పెక్కు కంబములు అడ్డగింపఁగా నీడ యేర్పడుచున్నది. అద్భుతమని చేతులు జోడించుటకంటె శిల్పి లెక్కను మెచ్చుట మేలని నా తలంపు.

ఈ చోడులు కల్యాణి చాళుక్యుల సామంతులు. కాకతీయ రుద్రుని హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనము 1163 నాఁటిది, అచింతేంద్ర విరచితము. రుద్రుఁడు వర్ధమాననగరమును దహించెననియు, చోడోదయుఁడు రుద్రుని వలని భయముచేతనే మరణించెననియు నందుఁ గలదు. స్తుతికావ్యమున అతిశయోక్తి సహజమే. అయినను ఆ యుదయుని పేరు ఈ చెఱువునందు నిలిచియున్నది. మా కొండమీఁద అట్టి సంయోగ మొక్కటియుఁ గానరాదు.

ఫిరోజ్‌షా బహమనీ 1417 ప్రాంతమున ముట్టడించి, సేనలో రోగములు ప్రబలఁగా విజయనగర ప్రభువగు మొదటి దేవరాయల చేత నోడిన పానగల్లు ఏది యను వివాదము మాత్రము వేఱు. కొందఱు చరిత్రకారులు మా దుర్గమందురు, కొందఱు నల్లగొండ దందురు. నల్లగొండ కొండలపైనను కోట గలదు గావున దుర్గశబ్దమొక్కటి చాలదు.

ఈ యేఁటి నుండి బాలురకు పలకపై రెండు చుక్కలు పెట్టి, ఒకదాని ప్రక్కఁ గొండను, వేఱొకదాని ప్రక్కఁ జెఱువును గీయించుచున్నాను.