నూటికి ఒకటిన్నర

మెత్తని ఇనుమునకును, పదును నిలుపు ఉక్కునకును, కొట్టిన పగులు పోతయినుమునకును గల భేదము ప్రధానముగా కర్బనపు పాలులో నున్నది. మొదటిదానిలో అది బహుస్వల్పము. మూడవదానిలో నూటికి రెండు పాళ్లకు మించును. ఉక్కు నడుమ నిలుచును. ఈ సంగతిని ఫ్రాన్సు రసాయనజ్ఞులు వాండర్మోండు, బెర్తొలే, మోంజు 1786లో తేల్చిరి. అంతకు ఎంతో పూర్వమే నిర్మల, జగిత్యాల ప్రాంతములందును, వాటి పొరుగున నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునందును మన కమ్మరులు నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు కర్బనము గల ఉక్కును మూసలలో కరగించుచుండిరి. అది ఇరాను దేశమునకు పోవుచుండెను.

లాంబ్టను దొర నడపిన భూమాపనశాఖలో వైద్యుడుగా నుండిన హెన్రీ వాయిసీ కోనసముద్రపు కొలుములను స్వయముగా చూచెను. ఆయన 1824లో మరణించెను. వృత్తాంతము మాత్రము 1832లో కలకత్తా ఆసియాటికు సొసైటీ పత్రికలో వెలువడెను. మిర్తపల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపురపు ఇనుము రెండు పాళ్లు కలిపి మూసలో వేయుదురని అందున్నది. నేటి బడిపిల్లవాడు నూటికి 60, 40 అని వ్రాయునది ఇదియే. ఇస్ఫహాను వర్తకుడొకడు అక్కడనే యుండి సరకు కొనుచుండెనట.

ఖనిజముయొక్క లెక్క చూతము. అయస్కాంతపురాతి సంకేతములో ఇనుపపరమాణువులు మూడు, ప్రాణవాయువువి నాలుగు. ఇనుము భారము 56, ప్రాణవాయువుది 16 అనుకొనిన, ఇనుము 168, మొత్తము 232. అనగా నూటికి 72.4 పాళ్లు. కాగితముమీది ఈ పాలు కొలిమిలో చేతికి రాదు. రాతితో మన్నును ఇసుకయు కలసివచ్చును. ఇనుములో కొంత చిట్టెముతో పోవును. ఆ చిట్టెపుదిబ్బలు ఈ జిల్లాల పల్లెలలో నేటికిని కానవచ్చును.

ఇక ఉక్కు. మెల్లగా చల్లారిన ఉక్కులో కర్బనపరమాణువొకటి మూడు ఇనుపపరమాణువులతో చేరి గట్టి సంయోగమగును. కర్బనము 12, ఇనుము 168. కాబట్టి ఆ సంయోగములో నూటికి 6.67 పాళ్లే కర్బనము. నూరు తులముల ఉక్కులోని ఒకటిన్నర తులము కర్బనము 21 తులముల ఇనుమును పట్టి 22.5 తులముల కఠినపదార్థమును పుట్టించునన్నమాట! డమాస్కసు కత్తులమీది తెల్లని అలలు ఈ పదార్థపు వరుసలే.

1819లో మైకేల్ ఫారడే అంతటివాడు ఈ ఉక్కును విశ్లేషించి, ఇందు లేశమాత్రముగా కనబడిన సిలికా, అల్యూమినాలే దీని గుణమునకు కారణమని తలచెను. పాలు కొలుచుట ఒకటి, ఏ పాలు పని చేయుచున్నదో ఎరుగుట మరొకటి. ఆ అలలు తీరుట నూటికి 0.004 పాళ్ల వనేడియమువలన కూడ కావచ్చునని వెర్హోవెన్ మొదలగువారు 1998లో చూపిరి.

ఇది విని, మన పూర్వులకు రసాయనశాస్త్రమంతయు తెలియునని చంకలు కొట్టుకొనువారు కలరు. వారితో నేనేకీభవింపను. కమ్మరి పాలు కుదిర్చెను గాని కర్బనమును కొలువలేదు. కంటితో, చేతితో, తండ్రి చెప్పిన మాటతో కుదిర్చెను. ఆ విద్యను వ్రాసి యుంచవలసిన చదువరులు కొలిమివైపు చూడలేదు, వ్రాసినవాడు పరదేశి. 1856లో బెస్సెమరు పద్ధతి పుట్టి చవుక ఉక్కు వచ్చినపిదప కమ్మరికి నాగటికఱ్ఱులే మిగిలెను. 2010లో బెంగుళూరు, ఎక్సిటరు పండితులు ఈ జిల్లాలలో ఊరూర తిరిగి, పగిలిన మూసలను చిట్టెపుముక్కలను ఏరి, పరిశోధనకు తీసికొనిరి.