చేఁప మేఁత – మనుష్యుని బలము

మేఁతనుబట్టి మాంసగుణము మాఱుననుట క్రొత్తమాట కాదు. చరకసంహిత సూత్రస్థానమున అన్నపానముల విచారించుచోట రోహితమత్స్యము ప్రశంసింపఁబడినది. అది నాచును మేయుటచేతను, నిద్రింపకుండుటచేతను జఠరాగ్నిని పెంపొందించుననియు, తేలికగా జీర్ణమై మిక్కిలి బలమిచ్చుననియు నందున్నది. నిద్రమాట యటుండనిండు, మేఁతమాటను నేఁటి శాస్త్రజ్ఞులును కాదనరు. ఆ రోహితమే మన శీలావతి.

1126 మొదలు 1138 వఱకు కల్యాణమున నేలిన చాళుక్య సోమేశ్వరుఁడు మానసోల్లాసమున మత్స్యవినోదమును గూర్చి వ్రాయుచు, చేఁపల జాతులను, వానికి వేయఁదగిన మేఁతలను వివరించెను. అయినను నది రాజుల వినోదము. జీవనోపాధికై చేఁపలను పెంచువారు చిరకాలము నదులలో పట్టిన పిల్లలను చెఱువున విడిచి, నీటిలో పుట్టు మేఁతకే వదలుచుండిరి. 1957లో ఒడిషాయందలి అంగూలున హీరాలాల్ చౌధురిగారు పీయూషగ్రంథి రసముచే కార్పుజాతి చేఁపలచేత గ్రుడ్లు పెట్టించిన పిమ్మట పిల్లల కొఱఁత తీఱ నారంభించెను.

1976 నుండి కొల్లేటి ప్రాంతమున మత్స్యకారుల సహకార సంఘములకు చెఱువులేర్పడెను. అచ్చటి రైతులు చిల్లులు పొడిచిన సంచులలో తవుడును, వేరుసెనగచెక్కను నింపి, నీట పాతిన వెదురుగడలకు కట్టిరి. చేఁపలు సంచిని పొడిచి మేయును. మేఁత యడుగునఁబడి మురిగి ప్రాణవాయువును హరించుట తగ్గును. సంచి ఖాళీయగు తీరునుబట్టి రైతు వాని యాకలిని కనిపెట్టును. ఇది పుస్తకమునఁ జదివినది కాదు, గట్టుమీఁద నేర్చినది.

కాని బరువు వేఱు, సారము వేఱు. మాంసకృత్తులు చాలినపుడే చేఁపకు కండపట్టును. పిండిపదార్థము మితిమీరినచో క్రొవ్వై కడుపున పేరుకొనును. ఆ క్రొవ్వును మేఁతనే పోలియుండును. గుండెకు హితమని వైద్యులు చెప్పు ఒమేగా-3 క్రొవ్వులకు పుట్టినిల్లు నీటియందలి సూక్ష్మమైన నాచే. తవుడునందును, వేరుసెనగయందును అధికముగా నుండునది ఒమేగా-6 జాతి. స్కాట్లండున పెంచు సాల్మను చేఁపలకు చేఁపనూనెను తగ్గించి మొక్కలనూనెను హెచ్చించిరి. 2006, 2015 సంవత్సరముల నడుమ వాని మాంసమున ముఖ్యమైన ఒమేగా-3 పాలు ఇంచుమించు సగమయ్యెను.

పెంపకపు వ్యయమున సగమునకు మించి మేఁతకే యగును గనుక చౌకమేఁతను వెదకు రైతును నిందింపరాదు. కాటాపై బరువునకే వెలకట్టు సంతలో తినువాని బలమును లెక్కించువాఁడెవఁడు? ఎరువులతో నీట సహజాహారమును పెంచి, తవుడును చెక్కను దానికి తోడుగా వాడినచో రైతునకు ఖర్చు తగ్గును, చేఁపకు సారము నిలుచును. రోహితమును పొగడిన యాచార్యుఁడు దాని మేఁతను నొక కారణముగాఁ జూపెను. చేఁపను కొనువారును అది యెంత తూగినదో చూచుటతో నాగక, ఏమి తిని పెరిగినదని యడుగుట మేలు.