మన ఇంటి కప్పు: సున్నపు మిద్దె నుంచి కూల్ రూఫ్ దాకా

సికింద్రాబాద్ చరిత్ర అనగానే దండు, రైల్వే స్టేషన్, గడియార స్తంభం గుర్తుకు వస్తాయి. ఇంటి కప్పు చరిత్రను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. నేరేడ్‌మెట్‌లో పై అంతస్తులో ఉంటూ ఏప్రిల్, మే నెలలు గడిపే మన సభ్యులకు దానితో నేరుగా సంబంధం ఉంది కనుక ఆ విషయాలు కొన్ని మనవి చేస్తున్నాను.

పూర్వపు కప్పులు

మూడవ నిజాం సికందర్ జా పేరిట 1806లో ఏర్పడిన ఈ దండు ప్రాంతంలో బంగళాలకు ఎత్తైన కప్పు, మందపాటి గోడలు, చుట్టూ వరండా ఉండేవి. వేసవిలో వాకిళ్ళకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. చుట్టుపక్కల పల్లెల్లో గూన పెంకుల ఇళ్ళు, మట్టి మిద్దెలు కనిపించేవి. పెంకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోయేది. మిద్దె మీది మట్టి మందం ఎండను త్వరగా లోపలికి దిగనిచ్చేది కాదు. దూలాల మీద ఇటుక పేర్చి పైన సున్నపు కాంక్రీటు వేసే మద్రాసు టెర్రస్ పద్ధతి, ఇంజనీరింగ్ శాఖల్లో పనిచేసిన మన సభ్యులకు తెలిసిందే.

ఈ కప్పులన్నింటికీ ఏటేటా సేవ చేయాల్సి వచ్చేది. పెంకులు సర్దించాలి, మిద్దెకు మట్టి వేయించాలి, సున్నం కొట్టించాలి. చల్లదనం ఆ సేవకు దక్కిన ఫలమే.

శ్లాబులు, రేకులు

తరువాత సిమెంటు శ్లాబు వచ్చింది. వానకు కురవదు, ఏటా ఖర్చు లేదు, పైన మరో అంతస్తు వేసుకోవచ్చు. అంత స్తోమత లేనివారికి సిమెంటు రేకులు దొరికాయి. రెండూ మన అవసరాలు తీర్చాయి, కానీ రెండింటితోనూ వేడి వచ్చింది. పగలంతా ఎండను తాగిన శ్లాబు, పొద్దుగూకాక దానిని గదిలోకి వదులుతుంది. రాత్రి పదింటికి ఫ్యాను తిప్పినా వేడి గాలే రావడానికి కారణం ఇదే. రేకు పలుచన కనుక మధ్యాహ్నమే నిప్పులు కురిపిస్తుంది. వేల కప్పులు ఇలా కాగితే ఊరే కాగుతుంది.

హైదరాబాద్‌లో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. అప్పటికి ఊళ్ళో చెట్లూ, చెరువులూ, ఖాళీ జాగాలూ ఎక్కువ. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,500 మందికి పైగా చనిపోయారు. వడదెబ్బ ముప్పు వృద్ధులకు మరింత ఎక్కువ.

మళ్ళీ తెలుపు

తెల్లని కప్పు ఎండలో ఎక్కువ భాగాన్ని ఆకాశానికే తిప్పి పంపుతుంది. తాతల నాటి ఈ సంగతిని మన నగరంలోనే లెక్కగట్టి చూశారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు ఇక్కడి వాణిజ్య భవనాల మీద కొలతలు తీసి 2012లో ఫలితాలు ప్రకటించారు. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే ఏసీల కరెంటు 10 నుంచి 19 శాతం ఆదా అయింది. నల్లని కప్పును తెల్లగా మారిస్తే 14 నుంచి 26 శాతం మిగిలింది. 2017లో దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ళ కప్పులపై తెల్లని పొర పరిచి చూస్తే, లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది.

ఈ అనుభవాలతో తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 3న కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. దేశంలో ఒక రాష్ట్రం ఇలాంటి విధానం తేవడం అదే మొదలు. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్లు, అందులో హైదరాబాద్ ప్రాంతంలోనే 200 చదరపు కిలోమీటర్లు చల్లని కప్పులు చేయాలని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. నివాస గృహాల్లో 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టేవాటికే తప్పనిసరి. అంతకు తక్కువైతే యజమాని ఇష్టం.

మనం ఆలోచించవలసినది ఇక్కడే. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ముతో 200 గజాల్లో ఇల్లు కట్టుకున్న పెన్షనరుకు ఈ నిబంధన వర్తించదు. మన ఇళ్ళకు పనికి వచ్చే అమ్మ ఉండే రేకుల గదికీ వర్తించదు. ఎండ మాత్రం అక్కడే ఎక్కువ. విధానం ఇష్టానికి వదిలిన చోట మనమే పూనుకోవాలి.

సభ్యులకు కొన్ని సూచనలు

శివరాత్రి వెళ్ళాక, ఎండలు ముదరకముందే పని ముగించాలి. కూల్ రూఫ్ పెయింటుకు ఖర్చు ఎక్కువైనా కొన్నేళ్ళు నిలుస్తుంది. జిగురు కలిపిన సున్నం చవక, కానీ వానలకు కడుక్కుపోతుంది కనుక ఏటా వేయాలి. ఏది వేసినా దుమ్ము పేరుకుంటే తెలుపు గుణం తగ్గుతుంది, అప్పుడప్పుడు కడిగించండి. పగుళ్ళు ముందే పూడ్పించండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని కనుక గీకించవద్దు. మనలో ఎవరూ స్వయంగా నిచ్చెన ఎక్కే సాహసం చేయవద్దు.

ఒక వీధిలో పది ఇళ్ళవారు కలిసి పని చేయిస్తే కూలీ, సామాను కలిసివస్తాయి. ఆ పదింటితోపాటు దగ్గరలోని ఒక రేకుల ఇంటి కప్పునూ లెక్కలో చేర్చుకోవాలని సభ్యులందరికీ నా మనవి.