స్ప్లిట్ ఏసీ చప్పుళ్ళు: ఏది మామూలు, ఏది కాదు

ఆస్ట్రేలియాలో అద్దె ఇంట్లో దిగినా, సొంత ఇల్లు కొనుక్కున్నా, హాల్లోనో పడకగదిలోనో గోడ మీద ఒక స్ప్లిట్ సిస్టమ్ ఉండటం మామూలే. ఇక్కడ ఎక్కువగా వాడేది రివర్స్ సైకిల్ రకం. వేసవిలో చల్లగాలి, చలికాలంలో వేడిగాలి రెండూ దాని పనే. ఏడాదిలో చాలా నెలలు నడిచే యంత్రం కనుక అప్పుడప్పుడూ ఏదో ఒక చప్పుడు చేస్తూనే ఉంటుంది.

ఆ చప్పుడు వినగానే మన ఇళ్ళల్లో సాధారణంగా రెండు జరుగుతాయి. ఒకటి, మెకానిక్ ని పిలిపించి, "ఇది మామూలే" అని అతని చేత చెప్పించుకుని కాల్ అవుట్ ఫీజు కట్టడం. రెండోది, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఒంటరిగా ఇంట్లో ఉండి, ఏదో కాలిపోతుందేమోనని భయపడి ఏసీ ఆపేసి కూర్చోవడం. ఇది డబ్బుతో పోయే విషయం కాదు. 2009 జనవరి చివర్లో మెల్బోర్న్ లో వరసగా మూడు రోజులు ఎండ 43 డిగ్రీలు దాటింది. ఆ వడగాడ్పుల్లో విక్టోరియా రాష్ట్రంలో మామూలు కంటే 374 మంది ఎక్కువగా చనిపోయారు. వాళ్ళల్లో ఎక్కువ మంది పెద్ద వయసు వాళ్ళే. అందుకని ఏ చప్పుడుకి ఆపాలో, దేనికి ఆపనక్కర లేదో ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం మంచిది.

నేను సాఫ్ట్ వేర్ వాణ్ణి, ఏసీ మెకానిక్ ని కాను. అయితే మన పనిలో బగ్ రిపోర్టుకి అడిగే ప్రశ్నలే ఇక్కడా పనికొస్తాయి. చప్పుడు ఎప్పుడు వస్తోంది: ఆన్ చేయగానేనా, ఆపాకా, నడుస్తున్నంత సేపూనా? ఎక్కడ నుంచి: లోపలి యూనిట్టా, పైపులా, బయటి యూనిట్టా? దానితో పాటు చల్లదనం తగ్గిందా, నీరు కారుతోందా, వాసన వస్తోందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే సగం పని అయినట్టే.

భయపడనక్కర లేనివి

ఆన్ చేసిన కాసేపటికి, ఆపిన కాసేపటికి "టిక్, టిక్" మంటుంది. వేడికీ చలికీ ప్లాస్టిక్ కొంచెం సాగి, ముడుచుకోవడం వల్ల వచ్చేది అది. "సుయ్" మనో, సన్నగా నీళ్ళు పారుతున్నట్టో వినిపించేది పైపుల్లో తిరిగే గ్యాస్. ఆపిన తరువాత కూడా ఒకటి రెండు నిమిషాలు వినిపించవచ్చు.

మన ఊళ్ళో పాత విండో ఏసీలకి అలవాటు పడ్డ పెద్దవాళ్ళకి ఇన్వర్టర్ ఏసీ చప్పుడు వింతగా ఉంటుంది. పాతది "టక్" మని ఆగి, మళ్ళీ "టక్" మని మొదలయ్యేది. ఇన్వర్టర్ కంప్రెసర్ అంత తరచుగా ఆగదు, వేగం మార్చుకుంటూ పోతుంది. అందుకని దాని రొద ఒకసారి సన్నగా, ఒకసారి లావుగా వినిపిస్తుంది. అది చెడిపోవడం కాదు.

చలికాలంలో కాన్‌బెర్రా లాంటి చోట్ల మరీ కంగారు పెట్టేది డీఫ్రాస్ట్. హీటింగ్ నడుస్తుండగా బయటి యూనిట్ మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి యంత్రం కొన్ని నిమిషాల పాటు గ్యాస్ దిశ మారుస్తుంది. అప్పుడు "బుస్స్" మని పెద్ద చప్పుడు, లోపల ఫ్యాన్ ఆగిపోవడం, బయట పొగలాగా ఆవిరి, కింద నీళ్ళు, అన్నీ ఒకేసారి! కాలుతున్న వాసన లేకపోతే ఓ పది నిమిషాలు ఆగి చూడండి, మళ్ళీ వేడిగాలి మొదలవుతుంది.

పోపు పెట్టినప్పుడు వచ్చే చప్పుడు

ఇది మన ఇళ్ళకి ప్రత్యేకం అనిపిస్తుంది. వంటింట్లో రేంజ్ హుడ్ వేయగానే హాల్లో ఏసీ "బుడ బుడ, పొక్ పొక్" మంటుంది. ఏసీ ఆపేసి ఉన్నా ఆగదు. కారణం తేలికే. గాలిలోని తేమ ఏసీ లోపల నీరై, ఒక సన్నటి డ్రెయిన్ పైపు గుండా బయటికి పోతుంది. పోపు ఘాటు హాల్లోకి రాకూడదని మనం కిటికీలన్నీ మూసి రేంజ్ హుడ్ ని గట్టిగా పెడతాం. బయటికి పోయిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి కదా! కొత్త అపార్ట్‌మెంట్లలో సందులు తక్కువ కనుక అది డ్రెయిన్ పైపులోంచి, అందులోని నీటిని బుడగలు చేసుకుంటూ వస్తుంది. ఒక కిటికీ రెండు అంగుళాలు తెరిచి చూడండి. చప్పుడు ఆగితే రోగం ఇదే. శాశ్వతంగా పోవాలంటే పైపుకి గాలి వెనక్కి రాకుండా చిన్న వాల్వ్ పెట్టించుకోవచ్చు. కిటికీ తెరిచినా ఆగకుండా లోపలి యూనిట్ నుంచి నీరు కారుతుంటే మాత్రం పైపు పూడుకుపోయి ఉంటుంది.

ఆ పోపు వల్లే ఇంకో చిక్కు కూడా ఉంది. నూనె ఆవిరి, దుమ్ము కలిసి ఫిల్టర్ మీదా, లోపలి ఫ్యాన్ రెక్కల మీదా జిగురులాగా అంటుకుంటాయి. ఫ్యాన్ బరువు ఒక పక్కకి ఎక్కువై "దడ దడ" మంటుంది. ఫిల్టర్లు తీసి గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టడం మనమే చేసుకోవచ్చు. బాగా వాడే రోజుల్లో రెండు వారాలకోసారి చేయమని తయారీదారులు చెబుతారు. లోపలి ఫ్యాన్ శుభ్రం చేయడం మాత్రం ఆ పని తెలిసిన వాళ్ళకి వదిలేయండి.

గరగరమనేవి చాలా వరకు చిన్న విషయాలే. ముందు పలక సరిగ్గా పట్టకపోవడం, ఫిల్టర్ గాడిలో కూర్చోకపోవడం, బయట యూకలిప్టస్ కాయో ఆకో ఇరుక్కోవడం లాంటివి. పలక మీద చేత్తో మెల్లగా నొక్కితే చప్పుడు ఆగితే సంగతి తెలిసిపోతుంది. బయటి యూనిట్ లోకి మాత్రం చెయ్యిగాని, పుల్లగాని పెట్టకండి.

బ్రిస్బేన్, డార్విన్ వైపు ఉండేవాళ్ళకి ఇంకో అనుమానితుడు ఉన్నాడు, బల్లి. ఆసియా నుంచి వలస వచ్చిన ఇంటి బల్లి అక్కడ బాగా స్థిరపడిపోయింది, మన లాగే! రాత్రిపూట ఏసీ వెనక నుంచి వచ్చే "చిక్ చిక్" దానిదే కావచ్చు. బల్లి పలికితే మన వాళ్ళు శకునం చూస్తారు, ఇక్కడ మాత్రం బయటి యూనిట్ చూసుకోవాలి. వెచ్చగా ఉంటుందని సర్క్యూట్ బోర్డు మీదికి దూరి, షార్ట్ చేసి, తాను చచ్చి, బోర్డునీ చంపుతుంది.

ఆపి, పిలవాల్సినవి

బయటి యూనిట్ మొదలవ్వబోయి "టక్... టక్" మని మళ్ళీ మళ్ళీ ఆగడం, "జుయ్" మని కరెంటు చప్పుడు, కాలిన వాసన, ఇనుము ఇనుముకి రాసుకున్నట్టు గరుకు శబ్దం. ఈ నాలుగింటిలో ఏది ఉన్నా ఆపేసి, స్విచ్ బోర్డులో బ్రేకర్ కూడా దించండి. మూత మాత్రం విప్పవద్దు. ఇన్వర్టర్ కెపాసిటర్లలో కరెంటు ఆపాక కూడా కొంత సేపు ప్రమాదకరమైన వోల్టేజి ఉంటుంది. కీచుమనే ఫ్యాన్ మోటార్ బేరింగ్ కొన్నాళ్ళు లాగిస్తుంది గాని, పూర్తిగా పట్టేసే లోపు చూపించుకోవాలి.

ఆగకుండా "స్స్" మంటూ, చల్లదనం తగ్గి, లోపలి కాయిల్ మీద మంచు కడుతుంటే గ్యాస్ కారుతోందేమో అనుమానించాలి. కొత్త యూనిట్లలో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్ కి కొద్దిగా మండే గుణం ఉంది. పొయ్యి ఆర్పి, కిటికీలు తెరవండి. "ఏడాదికోసారి గ్యాస్ నింపించాలి" అన్నది మనం ఊరి నుంచి మోసుకొచ్చిన మాట. గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారినట్టే, కారే చోటు కట్టకుండా నింపితే డబ్బూ గ్యాసూ రెండూ గాలికే. ఈ దేశంలో ఆ గ్యాస్ ని ముట్టుకోవాలంటే ఆర్క్ టిక్ గుర్తున్న లైసెన్సు ఉండాలి. వచ్చిన మనిషిని లైసెన్సు కార్డు చూపించమని అడగడం ఇక్కడ మర్యాద తప్పడం కాదు.

అద్దె ఇల్లయితే మీరు ఎవరినీ పిలవకండి. ఏజెంట్ కి ఈమెయిల్ లో రాయండి. మెకానిక్ వచ్చిన రోజే యంత్రం బుద్ధిగా ఉంటుంది కనుక ఫోన్ లో చప్పుడు రికార్డు చేసి, తేదీ, వేళ రాసి జత చేయండి.

మన చెవికి మామూలైనది పక్కింటివాళ్ళకి మామూలు కాకపోవచ్చు. న్యూ సౌత్ వేల్స్ లో రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు, శని ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ ఉదయం 8 వరకు, మీ ఏసీ చప్పుడు పొరుగువారి గదుల్లోకి వినిపించకూడదు. మిగతా రాష్ట్రాల్లో వేళలు వేరు, మీ కౌన్సిల్ ని అడగండి. యూనిట్ కింద రబ్బరు దిమ్మలు వేయించినా, గోడ బ్రాకెట్ నుంచి నేల మీదికి దింపించినా చాలా తేడా వస్తుంది. కొత్తది కొనేటప్పుడు ఎనర్జీ లేబుల్ మీద నక్షత్రాలతో పాటు లోపలి, బయటి యూనిట్ల చప్పుడు డెసిబెల్స్ లో వేసి ఉంటుంది. బయటి యూనిట్ పక్కింటి పడకగది కిటికీ వైపు పెట్టక తప్పనప్పుడు ముందు ఆ అంకె చూడండి.